చెత్త కేంద్రంలో పాఠం చెప్పేదెవరు?

బెంగళూరులో ఒక పొడి చెత్త సేకరణ కేంద్రం. ప్లాస్టిక్ గుట్ట ముందు కూర్చున్నామె ఒక కవరు తీసి వేళ్ల మధ్య నలిపింది. మెత్తగా సాగితే పాల కవరు, దానికి ధర పలుకుతుంది. గరగరలాడుతూ లోపల వెండిలా మెరిస్తే చిప్స్ ప్యాకెట్, దాన్ని కొనేవాళ్లు అరుదు. పక్కన తొమ్మిదో తరగతి పిల్లలు గ్లౌజులు తొడుక్కుని గంటసేపు ఏరారు, ఫొటో దిగారు, బస్సెక్కారు. బడి రికార్డులో అది ‘సమాజ సేవ’. నా అభ్యంతరం ఆ మాటతోనే. ఆ గంటలో సేవ చేసింది ఆమె, అందుకున్నది పిల్లలు.

పని ద్వారా చదువు నేర్పాలన్న ఆలోచన మనకు కొత్తేమీ కాదు. 1937లో వార్ధా సదస్సులో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు అల్లమన్నారు. 1977లో ఈశ్వరభాయ్ పటేల్ కమిటీ ఎస్‌యూపీడబ్ల్యూను, అంటే ‘సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని’ని, ముందుకు తెచ్చింది. చాలా బళ్లలో అది ఊలు పూలుగా, బజారులో కొన్న చార్టుగా మిగిలిపోయింది. పని జరిగే చోటు, పని తెలిసిన మనిషి బడి గోడ బయటే ఉండిపోయారు. 2018లో సీబీఎస్‌ఈ తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు ‘సేవా’ కార్యక్రమం పెట్టింది. 2020 జాతీయ విద్యా విధానం ఇంకో అడుగు వేసి, ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి వంటివారి దగ్గర నేర్చుకోమంది. మంచి మాటే. కానీ పది రోజుల్లో చేయి తిరగదు.

ఏడాది పాటు ఒకే చోట నేర్చుకుంటే ఏమవుతుందో తెలియాలంటే, బెంగళూరులోనే సర్జాపుర రోడ్డు పక్కన కైకొండ్రహళ్లి చెరువు చూడండి. చుట్టుపక్కలవాళ్లు, మహానగర పాలికె పూనుకుని దానికి మళ్లీ ప్రాణం పోశారు. దగ్గరలోనే ప్రభుత్వ పాఠశాల. ఏడాది పొడవునా వారానికోసారి పిల్లలు నీటిమట్టం కొలిచి రాసుకుంటే ఎండాకాలం, వాన, మురుగు తేడా కాగితం మీదే కనిపిస్తుంది. ఇక్కడి నీళ్లు కాలువల గుండా దిగువన బెళ్లందూరు చెరువుకు చేరతాయి. 2018 జనవరిలో ఆ చెరువు తగలబడింది. నీళ్లున్న చెరువుకు నిప్పెలా అంటుకుంటుందో తెలుసుకోవాలంటే, పిల్లలు ఆ కాలువ వెంట నడిచి, దారిలో ఏమేం కలుస్తున్నాయో కళ్లారా చూడాలి.

కాబట్టి ఒక్కో తరగతికి ఒకే చోటు, ఏడాది పాటు. నేర్పినవారికి డబ్బు కూడా ఇవ్వాలి. బస్సుకు, బ్యానరుకు ఖర్చు పెట్టగలిగిన బడి, కవరు నలిపి చూపిన ఆమెకు ఒక పూట బోధకురాలి వేతనం ఇవ్వలేదా? బోధకుల పట్టికలో ఆమె పేరు రాయలేదా?

ఆమె కూతురూ ఏదో ప్రభుత్వ బడిలో హైస్కూలు చదువుతుంటుంది. చెత్త ఏరడం ఆ పిల్లకు ఇంట్లోనే తెలుసు, ఆ అనుభవానికి బడి మార్కులివ్వాలి. ఇంటర్న్‌షిప్‌కు మాత్రం నీటి పరీక్షల ల్యాబ్‌కు పంపాలి. చెరువులో సీసా ముంచి నీళ్లు తెచ్చేది ఆ అమ్మాయే, అందులో ఆక్సిజన్ ఎంతుందో లెక్కగట్టి రిజిస్టరులో రాసేదీ ఆ అమ్మాయే కావాలి.