ఎవరికి ఏ పరీక్ష అవసరం?

వేతన ఒప్పందాల చర్చలలో కొన్ని యాజమాన్యాలు ఈ మధ్య ఒక వరాన్ని ముందుకు తెస్తున్నవి: ఏటేటా ‘సంపూర్ణ ఆరోగ్య పరీక్ష’. క్యాన్సర్‌ను పసిగట్టే రక్తపరీక్ష కూడా అందులో ఉన్నదట! మన శాఖలు ఈ వరాన్ని కళ్లకద్దుకునే ముందు కొంత ఆలోచించాలని మేము కోరుతున్నాము.

మానని పుండు, గడ్డ, అకారణ రక్తస్రావం ఉన్నవారు ఏ వయస్సువారైనా తక్షణం వైద్యుని వద్దకు వెళ్లవలసిందే. ఏ బాధా లేనివారికి జరిపే పరీక్షల సంగతే ఇక్కడ ప్రశ్న.

తిరువనంతపురం జిల్లాలో జరిగిన నోటి పరీక్షల ఫలితాలు 2005లో వెలువడినవి. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినవి. అలవాటు లేనివారికి చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు. ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో ఆరంభించి, లక్షన్నర మంది స్త్రీలను ఇరవై ఏళ్లపాటు గమనించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేతితో జరిపిన రొమ్ము పరీక్ష వలన 50 ఏళ్లు నిండిన స్త్రీలలో ఆ వ్యాధి మరణాలు సుమారు 30 శాతం తగ్గినవి. అంతకు చిన్నవారిలో ఆ మేలు కనిపించలేదు. అదే నగరంలో, ఎసిటిక్ ఆసిడ్ పూసి కంటితో చూసే పరీక్ష గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలను 31 శాతం తగ్గించింది. ఖరీదైన యంత్రమేదీ లేదు!

మరి రక్తపరీక్ష? బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా స్త్రీలు పాల్గొన్న అధ్యయనంలో సి.ఎ.-125 పరీక్షతో అండాశయ క్యాన్సర్‌ను కొంత ముందుగా గుర్తించగలిగినా, మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. లేని జబ్బు ఉన్నదని వస్తే ఆ భయమూ, ఆ తిరుగుడూ, పోయే దినకూలీ ఎవరు భరించాలి? పరీక్ష మేలు చేతికందడానికి ఏళ్లు పడుతుంది గనుక, ఇతర వ్యాధులతో కృశించిన వృద్ధులను అనవసరంగా ఆసుపత్రుల చుట్టూ తిప్పడమూ తగదు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే 30–65 ఏళ్లవారికి నోటి పరీక్షను, స్త్రీలకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలను అయిదేళ్లకొకసారి జరపాలని నిర్దేశించింది. అయినను 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, 30–49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా జరిగినవారు 2 శాతం కంటె తక్కువ. పనిరోజు వదులుకొని ఎవరు వెళ్లగలరు?

కనుక కోర్కెల పత్రంలో ఆర్భాటపు రక్తపరీక్షలకు బదులు, ఈ పరీక్షలకు వేతనంతో కూడిన సెలవు కోరాలి. కాంట్రాక్టు కార్మికులకూ కోరాలి. తేడా కనిపించినవారి బయాప్సీకి, చికిత్సకు అయ్యే ఖర్చు యాజమాన్యమే భరించాలి. ఫలితాల కాగితం మాత్రం కార్మికుని చేతికే అందాలి. పర్సనల్ మేనేజరు బల్లమీదికి చేరరాదు.