మందు చీటీ చదివేది మీరే!

పిల్లలూ! ఇంట్లో అవ్వకో తాతకో మందు చీటీ చదివి మాత్ర అందించేది తరచుగా మీరే. అందుకే నర్సుల చదువులోని ఒక పాఠం మీకూ కావాలి.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపారు. అక్కడ తయారైన మందే మెథోట్రెక్సేట్. ఇది ఫోలిక్ ఆమ్లం అనే విటమినును పోలి ఉంటుంది. కణంలోని ఎంజైము దీన్నే విటమిననుకొని పట్టుకుంటుంది. అప్పుడు కణ విభజన ఆగుతుంది. అందుకే ఇది రక్త క్యాన్సరుకు మందయింది. రుమటాయిడ్ కీళ్లవాతానికీ ఇస్తారు, కాని తక్కువ మోతాదులో, వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ మింగితే ఎముక మజ్జలో రక్తకణాల తయారీ దెబ్బతిని ప్రాణమే పోవచ్చు.

మందు మంచిదే, వేళ తప్పింది!

అందుకే నర్సులు అయిదు సంగతులు సరిచూస్తారు: రోగి, మందు, మోతాదు, ఇచ్చే మార్గం, వేళ. ఈ అయిదూ నర్సింగు కాలేజీ దాకా ఎందుకు ఆగాలి? హైస్కూలు జీవశాస్త్రంలోనే చెప్పాలని నా అభిప్రాయం. మందుల పేర్లు బట్టీ పట్టనక్కరలేదు. చీటీనీ మాత్రల పట్టీనీ పక్కపక్కన పెట్టి చదవడం అలవాటైతే చాలు. అర్థం కాకపోతే డాక్టరునో నర్సునో అడగండి. అడగడం నామోషీ కాదు, ఊహించి ఇవ్వడమే ప్రమాదం.