స్కేలు లేని ఛాయాచిత్రం

మన వృత్తిలో ఒక నియమం ఉన్నది. పగిలిన గొట్టాన్నో, బీటలు వారిన పునాదినో ఛాయాచిత్రం తీసేటప్పుడు దాని ప్రక్కన తప్పనిసరిగా ఒక స్కేలు ఉంచాలి. స్కేలు దొరకకపోతే పెన్నో, నాణెమో అయినా పెట్టాలి. లేనిచో ఆ బీట వెంట్రుకవాసి ఉన్నదో, బెత్తెడు ఉన్నదో నివేదిక చదివేవారికి తెలియదు. ముప్పై ఏళ్ళుగా ఈ మాటను క్రొత్తగా చేరిన ఇంజనీర్లకు చెబుతూ వచ్చిన మేమే దానిని మరచిపోయిన ఒక ఆదివారం గురించి ఈ నెల ముచ్చటించదలచాము.

ఉద్యోగరీత్యా మేము సూరత్ నగరంలోని ఉధ్నాలో నివసిస్తున్నాము. ఉధ్నా అంటే మరమగ్గాల చప్పుడు. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఇక్కడికి, ప్రక్కనున్న లింబాయత్‌కు తరలివచ్చి తరాలుగా స్థిరపడినాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నదంటే మనవారి సంఖ్య ఊహించవచ్చు. మా వీధి చివర మగ్గాల మరమ్మతు చేసే యువకుడొకడు ఉన్నాడు. యంత్రాల మాటలతో మొదలైన పరిచయం కాలక్రమేణా ఇరు కుటుంబాల స్నేహమైనది.

ఆ శనివారం రాత్రి అతడు మా ఇంటికి వచ్చి, "సారూ, మా బాపు సోమవారం నవజీవన్ ఎక్కుతున్నడు. ఇగ ఊర్లనే ఉంటడట," అని చెప్పాడు. నలభై ఏళ్ళు ఉధ్నాలో మగ్గం నడిపిన పెద్దాయన బతుకమ్మ పండుగకు వరంగల్లు ప్రక్కనున్న స్వగ్రామానికి శాశ్వతంగా తిరిగి వెళ్ళిపోతున్నారు. మాటల మధ్య మరో సంగతి బయటపడింది. ఇన్నేళ్ళలో ఆయన సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదట. పన్నెండు గంటల షిఫ్టు, మిగిలిన సమయం నిద్ర. ఆ దినచర్యలో సముద్రానికి చోటెక్కడిది? మా శ్రీమతి వెంటనే, "రేపు ఆదివారమే కదా!" అన్నది. అంతే. ముందస్తు ఏర్పాటు లేదు, బస ఖాయం చేసుకోలేదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు పులిహోర డబ్బా, మంచినీళ్ళు, కెమెరా సంచి కారులో వేసుకొని నలుగురమూ బయలుదేరాము.

నవసారి మీదుగా దండి చేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. 1930 మార్చి 12న సబర్మతిలో బయలుదేరిన గాంధీజీ సుమారు 385 కిలోమీటర్లు నడిచి ఏప్రిల్ 5న చేరినది ఈ ఊరికే. మరునాడు ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించినది ఈ తీరంలోనే. 2019 జనవరి 30న ఇక్కడ ఉప్పు సత్యాగ్రహ జాతీయ స్మారకాన్ని ప్రారంభించారు.

మేము చేరిన వేళకు సముద్రం ఆటుపోయి చాలా దూరం వెనుకకు తగ్గి ఉన్నది. ఖంభాత్ సింధుశాఖ గరాటు ఆకారంలో లోపలికి పోనుపోను ఇరుకవుతుంది గనుక పోటు నీరు ఎత్తుగా లేస్తుంది. భావనగర్ వద్ద ఆటుపోటుల మధ్య తేడా 10 మీటర్లు దాటుతుంది. దండి ఆ సింధుశాఖ ముఖద్వారం వైపున ఉన్నందున ఇక్కడ అంత ఎత్తు లేకపోయినా, నేల చదునైనది కావడం వల్ల నీరు తగ్గినప్పుడు విశాలమైన తడి మైదానం బయటపడుతుంది. ఆ తడిమీద ఆకాశం అద్దంలో వలె కనబడుతున్నది.

పడమటి తీరంలో సూర్యుడు మన వెనుకనుండి ఉదయిస్తాడు. కాబట్టి ప్రభాతవేళ సముద్రం మీద మెత్తని వెలుగు నేరుగా పడుతుంది. మేము స్టాండు నిలబెట్టి, 28 మిల్లీమీటర్ల కటకం బిగించి, ద్వారాన్ని ఎఫ్/11 వద్ద ఉంచాము. ఆసక్తి గలవారికి ఒక లెక్క: 35 మిల్లీమీటర్ల ఫిలిం పరిమాణపు కెమెరాలో ఈ అమరికతో సుమారు 2.4 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, 1.2 మీటర్ల నుండి దిగంతం వరకు అంతా స్పష్టంగా వస్తుంది. వెలుతురు సరిచూసుకోవడానికి ముందుగా ఒక చిత్రం తీశాము. అందులో పెద్దాయన వచ్చారు. చెప్పులు చేతపట్టుకొని, పంచె పైకి దోపుకొని నీటివైపు మెల్లగా నడుస్తున్నారు.

"బాబాయి గారూ, ఒక్క నిమిషం ఆ ప్రక్కకు రండి. చిత్రానికి అడ్డు వస్తున్నారు," అని కేక వేశాము.

"అట్లనే సారూ," అంటూ ఆయన వెంటనే వెనుదిరిగారు. తిరిగి వచ్చి కారు ప్రక్కన చేతులు కట్టుకొని నిలబడ్డారు. మేము నిశ్చింతగా ఇరవై చిత్రాలు తీసుకున్నాము. తరువాత ఆయన నీటిదాకా వెళ్ళి కాళ్ళు తడుపుకున్న మాట నిజమే గాని, అప్పటికి మా దృష్టి కెమెరాను సంచిలో సర్దడంపై ఉన్నది.

మనుషులను తప్పించే ఈ అలవాటు మాకు ఎక్కడిదో చెప్పాలి. చిన్ననాడు మా ఇంట ఉన్నది వడోదరలో తయారైన అగ్ఫా క్లిక్ 3 కెమెరా. ఉదకమండలంలో మన సోదర ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ ఉండేది. దాని "ఇందు" ఫిలిం పేరు పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ కెమెరాలో చుట్టకు పన్నెండే చిత్రాలు. ఉత్త కొండను తీసి ఒక ఫిలిం పాడుచేస్తే మా నాన్నగారు ఊరుకునేవారు కాదు. కొండ ముందర ఎవరో ఒకరు నిలబడవలసిందే. పెద్దయిన తరువాత మేము ప్రకృతి ఛాయాగ్రహణం గురించి చదివాము. 1932లో కాలిఫోర్నియాలో ఆన్సెల్ ఆడమ్స్ తదితరులు ఎఫ్/64 అనే బృందంగా ఏర్పడిన సంగతి తెలుసుకున్నాము. ఆడమ్స్ తీసిన పర్వత చిత్రాలలో మనుషులు అరుదు. ఆయన ఓర్పును, శ్రమను వదలి, మనుషులు లేకపోవడాన్ని మాత్రం మేము సూత్రంగా పట్టుకున్నాము.

దండి నుండి వెనుదిరిగి చిఖలీ, వాంస్దా మీదుగా డాంగ్ జిల్లా ముఖద్వారమైన వఘాయ్ చేరాము. బిలిమోరా నుండి ఈ ఊరి వరకు 63 కిలోమీటర్ల సన్నని రైలుమార్గాన్ని బరోడా సంస్థానం కాలంలో, 1913లో వేశారు. టేకు, వెదురు అడవులు వర్షాకాలం చివర నిండు పచ్చగా ఉన్నాయి. దగ్గరలోని గిరా జలపాతం ఎర్రని వరద నీటితో ఉరుకుతున్నది. అక్కడినుండి సాపుతారా ఘాటు దారి పట్టాము.

కొంత దూరం పోయిన తరువాత, పొద్దుటి నుండి ఎక్కువగా మాట్లాడని పెద్దాయన ఒక్కసారిగా, "ఆపుండ్రి సారూ, ఆపుండ్రి!" అన్నారు. ఏమైనదో అని కంగారుపడి కారు ఆపాము. ఆయన దిగి రోడ్డు వారకు పోయారు. అక్కడ గడ్డి మధ్య తెలుపు, గులాబి కలిసిన కంకులు గాలికి ఊగుతున్నాయి.

"గునుగు పువ్వు సారూ! గిది గీడ గూడ పూస్తదా?"

బతుకమ్మను పేర్చే గునుగు, సహ్యాద్రి అంచున, గుజరాతు గడ్డమీద! ఆయన పిడికెడు కోసి తువ్వాలు తడిపి చుట్టుకున్నారు. "ఈపారి మా ఇంటి బతుకమ్మల గీ దేశం పువ్వు గూడ ఉంటది," అన్నారు. మా శ్రీమతి కూడా దిగి నాలుగు కంకులు కోసి ఆయన చేతికిచ్చింది. మేము మాత్రం కారు దిగి, వెనుక కొండమీద మేఘపు నీడ సరిగా పడిందా లేదా అని చూస్తున్నాము. ఆ తువ్వాలు, ఆ పువ్వులు, ఆ ముఖం ఉన్న చిత్రం మావద్ద లేదు.

సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న సాపుతారాలో సూర్యాస్తమయం తీయాలన్నది మా కోరిక. పొద్దున సముద్ర మట్టంలో ఉదయం, సాయంకాలం కొండమీద అస్తమయం, ఒకే రోజున! కాని కొండమీదకు చేరేసరికి మంచు క్రమ్మి పది అడుగుల ఆవల ఏమీ కనిపించలేదు. గంటసేపు చూచి, వేడి మొక్కజొన్న కంకులు తిని దిగివచ్చాము. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటినది.

నిద్ర పట్టక చిత్రాలను కంప్యూటరు తెరపై చూడసాగాము. దండిలో తీసిన ఇరవై చిత్రాలూ శుభ్రంగా, స్పష్టంగా ఉన్నాయి. కాని వాటిని చూస్తే అది సముద్రతీరమో, వాన వెలిసిన వరిమడో చెప్పడం కష్టం. కొలత చెప్పే వస్తువు ఒక్కటీ లేదు. వెలుతురు కోసం తీసిన ఆ మొదటి చిత్రం వచ్చింది. పాలిపోయిన ఆకాశం, మెరిసే నేల, నడుమ చీమంత మనిషి, అతని వెనుక అడుగుల వరుస. ఆ మైదానం ఎంత పెద్దదో, ఆ నడక ఎంత ఆలస్యంగా మొదలైనదో అందులో ఉన్నది. తీసివేయవలసినదిగా మేము గుర్తుపెట్టుకున్నది ఆ చిత్రాన్నే.

దండి తరువాత గాంధీజీ ఏప్రిల్ 9న సూరత్ సమీపంలోని భీమ్‌రాడ్‌లో మరల ఉప్పు తీశారు. వంగి ఉప్పు తీస్తున్న ఆయన వెనుక మిఠూబెన్ పెటిట్ నిలబడి ఉన్న ఛాయాచిత్రాన్ని మనమందరమూ ఎరుగుదుము. ఆ మనిషిని ప్రక్కకు జరగమని ఉంటే మిగిలేది ఉత్త బురదనేల. ఆ సంగతి మాకు ఆ రాత్రి తట్టింది.

సోమవారం మధ్యాహ్నం ఆ చిత్రాన్ని పెద్ద అచ్చు వేయించి సాయంత్రం వారింటికి తీసుకొని వెళ్ళాము. పెద్దాయన దానిని దీపం దగ్గర పెట్టుకొని చాలాసేపు చూశారు.

"గింత చిన్నగున్ననా సారూ నేను?" అని అడిగారు.

"సముద్రం అంత పెద్దది, బాబాయి గారూ. నిన్న మిమ్మల్ని ప్రక్కకు జరగమన్నాము. తప్పు మాది," అన్నాము.

ఆయన నవ్వి, "మీ పని మీరు చేసిండ్రు. సముద్రం జూపెట్టిండ్రు, సాలు," అన్నారు. చిత్రాన్ని మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టి, పెట్టెలో గునుగు పువ్వుల ప్రక్కన సర్దుకున్నారు. ఆ రాత్రే రైలెక్కారు.

మిత్రులారా, సెలవు దొరికినప్పుడు ముందస్తు ఏర్పాట్లు లేకున్నా కుటుంబంతో ఒక్కసారి ఇటువంటి ప్రయాణం చేయండి. స్టాండు తీసుకొని వెళ్ళండి, పొద్దుపొడుపుకు ముందే చేరండి, ఆటుపోటుల వేళలు కనుక్కోండి. కాని కెమెరా ముందుకు ఎవరైనా నడిచివస్తే కేక వేయకండి. స్కేలు తనంతట తానే నడిచి వచ్చిందనుకోండి.