బిళ్ళగన్నేరుకు మడిలో చోటివ్వండి

మే మూడో వారం, మధ్యాహ్నం రెండు గంటలు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఆ వేళ రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు. అపార్ట్‌మెంటు గేటు పక్కన డిసెంబరులో ముచ్చటపడి వేసిన పూలమడిలో పెటూనియాలు ఎండి పుల్లలై ఉంటాయి. డయాంథస్‌ను ఎప్పుడో పీకి పారేశారు. ఆ మడికీ ప్రహరీకీ మధ్య సిమెంటు పగిలిన సందులో మాత్రం గులాబీరంగు పూలతో ఒక మొక్క నిలబడి ఉంటుంది. దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. మిట్టమధ్యాహ్నం ఆకులు కాస్త వాలుస్తుంది, పొద్దు వాలేసరికి మళ్ళీ తేరుకుంటుంది. అదే బిళ్ళగన్నేరు. తోటమాలి వచ్చి దాన్ని కలుపు కింద లెక్కగట్టి పీకేసి, ఎండిన పెటూనియాకు ఇంకో బకెట్టు నీళ్ళు పోస్తాడు.

తప్పు అతనిది కాదు. తోటపని పుస్తకాల్లోనూ విత్తనాల పొట్లాల మీదా కనిపించే 'హార్డీ' అనే మాటది. ఆ మాట పుట్టింది చలిదేశంలో. బ్రిటన్‌లోని రాయల్‌ హార్టికల్చరల్‌ సొసైటీ మొక్కలను హెచ్‌1 నుంచి హెచ్‌7 వరకు తరగతులుగా విడదీస్తుంది. అంకె పెరిగేకొద్దీ మొక్క చలికి అంత గట్టిదని లెక్క. హెచ్‌7 అంటే మైనస్‌ 20 డిగ్రీల కిందికి దిగినా బతికి బట్టకట్టేది. ఆ కొలతలో మన బిళ్ళగన్నేరు అట్టడుగున, అద్దాల గదిలో పెట్టి కాపాడాల్సిన సుకుమారాల వరసలో ఉంటుంది. లంబసింగిలో చలి సున్నా దగ్గరికి దిగితేనే పత్రికల్లో వార్త అయ్యే చోట, మైనస్‌ ఇరవైతో మనకేం పని?

ఎండను కొలిచే పద్ధతీ ఒకటుంది. అమెరికన్‌ హార్టికల్చరల్‌ సొసైటీ 1997లో ఒక పటం విడుదల చేసింది. ఏడాదిలో 30 డిగ్రీలు దాటే రోజులు ఎక్కడ ఎన్నో లెక్కపెట్టి దేశాన్ని 12 మండలాలుగా విభజించింది. అలాంటి రోజులు 210 మించితే ఆఖరి మండలం. విజయవాడను ఆ పటంలోకి తీసుకెళ్తే నేరుగా ఆ ఆఖరి గడిలోనే కూర్చుంటుంది. ఆంధ్రప్రదేశ్‌కు వెంకట్రామన్నగూడెంలో, తెలంగాణకు సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయాలున్నాయి. ఏ మొక్క ఎన్ని డిగ్రీల ఎండ దాకా, ఎన్ని రోజులు నీళ్ళు లేకుండా పూస్తుందో చెప్పే జాబితా వాటి నుంచి రావాలి. నర్సరీ కుండీ మీద ధర పక్కన ఆ అంకె కూడా ఉండాలి. అప్పుడు మార్చిలో పెటూనియా కొనేవాడు కనీసం తెలిసి కొంటాడు.

అలాంటి జాబితా ఎవరు వేసినా బిళ్ళగన్నేరు మొదటి పేజీలోనే ఉంటుంది. పుట్టిల్లు మడగాస్కర్‌. దీని ప్రజాతిలోని మొత్తం ఎనిమిది జాతుల్లో ఏడు ఆ దీవివే. ఎనిమిదోది, సన్నని తెల్లపూల చిన్న మొక్క, మన దేశానిదీ శ్రీలంకదీ. వచ్చిన మొక్కను భారతదేశం ఎంతగా కలుపుకొందో పేర్లే చెబుతాయి. హిందీలో సదాబహార్‌, బెంగాలీలో నయనతార, మరాఠీలో సదాఫులి. తమిళంలో ఒక పేరు నిత్యకల్యాణి, ఇంకో పేరు సుడుకాట్టుమల్లి, అంటే శ్మశానమల్లె. పెళ్ళీ చావూ రెండూ ఒకే మొక్క మీద ఎక్కించడానికి కారణం ఒకటే: పొద్దస్తమానం, ఏడాది పొడుగునా, ఎవరు చూసినా చూడకపోయినా పూయడం. నర్సరీవాళ్ళు మాత్రం 'వింకా' అంటారు. అది పాత శాస్త్రీయనామం. వృక్షశాస్త్రం దాన్ని వదిలేసి చాలాకాలమైంది, అంగడి వదల్లేదు.

దీని గొప్ప అంతా పూలలోనే లేదు. 1952లో జమైకా నుంచి కెనడాకు ఒక బిళ్ళగన్నేరు ఆకుల పొట్లం చేరింది. జమైకావాళ్ళు చక్కెర వ్యాధికి ఆ ఆకుల కషాయం తాగుతారని విని, వెస్టర్న్‌ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్‌ నోబుల్‌ ఎలుకల మీద పరీక్షించాడు. ఎలుకల రక్తంలో చక్కెర తగ్గలేదు. సారాన్ని సూదిమందుగా ఎక్కిస్తే ఎలుకలు చచ్చిపోయాయి. ఎందుకని చూస్తే, తెల్ల రక్తకణాలు పడిపోయి చిన్న ఇన్‌ఫెక్షన్‌కే ప్రాణం పోయింది. తెల్లకణాలు విపరీతంగా పెరిగే లుకేమియాకు ఇదే మందెందుకు కాకూడదన్న ఆలోచన అక్కడ మొదలైంది. నోబుల్‌, చార్లెస్‌ బీర్‌ కలిసి వేరుచేసిన విన్‌బ్లాస్టిన్‌ సంగతి 1958లో ప్రచురితమైంది. ఎలీ లిల్లీ కంపెనీ తెచ్చిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల్లో వచ్చే రక్తక్యాన్సర్‌ చికిత్సలో అది నేటికీ ఉంది.

ఇక్కడే ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. షుగరు తగ్గుతుందని పొద్దున్నే ఈ ఆకులు నమిలేవాళ్ళు మన ఊళ్ళల్లోనూ ఉన్నారు. కణాలు విభజన చెందకుండా ఆపే మందు పుట్టేది ఆ ఆకులోనే. ఆకుకో మోతాదు లేదు, ఒంట్లోకి ఎంత పోతుందో తెలియదు. చూసి ఆనందించడానికి మించి దానితో ఇంట్లో పనేమీ లేదు. రోడ్డు మధ్య మడుల్లోకి మేకలు తలదూర్చినా దీన్ని వదిలిపెట్టేది ఆకుల్లోని చేదు వల్లే. ఈ విషయంలో మేకకున్న తెలివి మనకూ ఉంటే చాలు.

పెంచడంలో కష్టం లేదు గానీ, చంపడం తేలిక: ఎక్కువ నీళ్ళు పోస్తే చాలు. దీని శత్రువు ఎండ కాదు, కాళ్ళకింద నిలిచిన నీరు. ఆగస్టు ముసురులో బంకనేల మడిలో నాలుగు రోజులు నీళ్ళు నిలిచాయంటే మొదలు కుళ్ళి, నిన్నటిదాకా నిగనిగలాడిన మొక్క ఒక్కసారిగా వాడిపోతుంది. అందుకే దీన్ని మడి అంచునే వేయాలి, నేల కంటే జానెడు ఎత్తు గట్టు కట్టి, మట్టిలో మూడోవంతు ఇసుక కలిపి. మొక్కకూ మొక్కకూ మధ్య అడుగు దూరం. పశువుల ఎరువు దోసెడు చాలు, ఎక్కువ మేపితే ఆకు బలుస్తుంది, పూత తగ్గుతుంది. రెండేళ్ళకు మొదలు కర్రలా ముదిరి, కింద బోసిపోయి, పైన మాత్రం నాలుగు పూలతో మిగులుతుంది. తొలకరి పడగానే సగానికి కత్తిరిస్తే చుట్టూ కొత్త చిగుళ్ళు వేసి గుబురవుతుంది.

వానాకాలంలో రాత్రికి రాత్రి కొమ్మలు మోడైతే, కింద మిరియాల్లాంటి నల్లని రెట్ట కనిపిస్తే, కాడల వెంట వెతకండి. వేలంత లావున ఆకుపచ్చ గొంగళిపురుగు ఉంటుంది. తల వెనుక రెండు నీలి కళ్ళు. అవి నిజం కళ్ళు కావు, పిట్టల్ని బెదిరించడానికి పెట్టుకున్న మచ్చలు. గన్నేరు మీద బతికే పురుగు ఇది. బిళ్ళగన్నేరు అదే కుటుంబానిది గనుక ఇక్కడికీ విందుకొస్తుంది. మందు కొట్టనక్కర్లేదు, పుల్లతో తీసి అవతల పెద్ద గన్నేరు చెట్టు మీద వదిలితే సరి. పూలు రావాల్సిన చోట సన్నని పచ్చరేకలు గుత్తులుగా వస్తే మాత్రం దయ చూపకూడదు. నువ్వుచేలో రైతు వెర్రితెగులు అనేది ఇలాంటిదే, రసం పీల్చే పురుగులు మోసుకొస్తాయి. ఆ మొక్కను వేర్లతో సహా పీకి తగలబెట్టాలి.

ఈ తెగులు ఉంది కాబట్టే కిలోమీటర్ల పొడవునా బిళ్ళగన్నేరు ఒక్కటే వేయమని ఎవరూ అనరు. గడ్డిగులాబీ, చంద్రకాంత, వెనుక వరసలో నూరువరహాలు కలిపితే మే నెలలోనూ మడి రంగు తప్పదు. బిళ్ళగన్నేరు బయటి మొక్క, తనంత తానే పాకుతుంది కదా అన్న అభ్యంతరంలో నిజం ఉంది. అడవి అంచుల్లోనూ సముద్రపు ఇసుక దిబ్బల మీదా దీన్ని నాటకపోవడమే మేలు. ఊరి మధ్య రోడ్డు మడికి మాత్రం ఆ వాదన నిలవదు. ట్యాంకరు నీళ్ళతో బతికించే పెటూనియా కూడా దక్షిణ అమెరికా నుంచి దిగినదే.

ఇక కొనుగోలు సంగతి. కడియం నర్సరీల్లో పొట్టిగా, పెద్ద రేకులతో, ఎరుపూ ఊదా రంగుల్లో హైబ్రిడ్‌ వింకాలు దొరుకుతాయి. కుండీలో అందంగానే ఉంటాయి. నేలలో వేసే అంచుకు మాత్రం వీధిలో పెరిగే ఎత్తు మొక్కే మేలు: గులాబీరంగుది, తెల్లది, మధ్యలో ఎర్రబొట్టున్న తెల్లది. దానికి డబ్బు కూడా అక్కర్లేదు. ఆకుల మొదట్లో జంటగా, అగ్గిపుల్ల లావున పచ్చని కాయలు ఉంటాయి. పసుపు తిరిగాక, పగలకముందే కోసి కాగితం పొట్లంలో పెట్టాలి. ఒకరోజు ఆలస్యమైతే గింజలు నేల పాలవుతాయి. ఎండాక పొట్లం విప్పితే ఆవాల కన్నా సన్నని నల్ల గింజలు రాలి ఉంటాయి. జూన్‌లో చల్లి పైన పలచగా మట్టి కప్పాలి, ఈ గింజ చీకట్లోనే బాగా మొలుస్తుంది. దసరా నాటికి పూస్తుంది.