వోల్టేజీ లెక్క ఏది?

పలచటి పొర సోలార్ సెల్ సామర్థ్యం పెరగాలంటే అది మరింత వెలుతురును పీల్చుకోవాలి, అందుకు నానో తీగలో, నానో శంకువులో, వెండి రేణువులో కావాలి. ఈ రంగంలో ఏళ్ల తరబడి ఎన్నో థీసిస్‌లూ పరిశోధన ప్రతిపాదనలూ ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. సిమ్యులేషన్‌లో శోషణ గీత పైకి లేస్తుంది. దాన్ని కరెంటుగా మారుస్తారు. ఆ కరెంటునే సామర్థ్యమని ప్రకటిస్తారు. ఈ లెక్క తప్పు, అదీ చిన్న తప్పు కాదు.

నమ్మకానికి మూలం సిలికాన్. స్ఫటిక సిలికాన్ పరారుణ కాంతిని మందకొడిగా పీలుస్తుంది. ఉపరితలాన్ని గరుకు చేస్తే దాని లోపల కాంతి ప్రయాణించే దారి 50 రెట్ల దాకా పెరగవచ్చని 1982లో ఎలీ యబ్లోనోవిచ్ చూపాడు. ఆ సూత్రం అక్కడ బాగా పనిచేసింది. అమార్ఫస్ సిలికాన్‌కూ గరుకు గాజు మేలే చేసింది. పలచటి పొర సెల్స్‌లో వాడే కాడ్మియం టెల్యురైడ్ స్వభావం వేరు. దాని పొర రెండు మూడు మైక్రాన్ల మందం ఉంటే చాలు, తాను వాడుకోగల వెలుతురును దాదాపు అంతా పట్టేస్తుంది.

రెండు రికార్డు సెల్స్‌ను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఫస్ట్ సోలార్ వారి 2016 నాటి కాడ్మియం టెల్యురైడ్ సెల్ సామర్థ్యం 22.1 శాతం. ఆల్టా డివైసెస్ వారి గాలియం ఆర్సెనైడ్ సెల్‌ది 29.1 శాతం. రెండింటి బ్యాండ్ గ్యాప్‌లూ, అంటే ఎలక్ట్రాన్‌ను లేపడానికి కావాల్సిన కనీస శక్తులూ, దగ్గరదగ్గరే. మరి కరెంటు ఎవరిది ఎక్కువ? చదరపు సెంటీమీటరుకు మొదటిది 31.7 మిల్లీ ఆంపియర్లు ఇస్తే రెండోది 29.8 మాత్రమే. వెలుతురును పట్టడంలో గెలిచిన సెల్ సామర్థ్యంలో ఏడు పాయింట్లు వెనకబడింది. ప్రధాన కారణం వోల్టేజీ: దానిది 0.89 వోల్టులు, గాలియం ఆర్సెనైడ్‌ది 1.13. కుండకు చిల్లు ఉండగా మూతిని వెడల్పు చేసి ఏం లాభం?

ఆ చిల్లు ఎక్కడుందో తెలియనిది కాదు. వెలుతురు లేపిన ఎలక్ట్రాన్ బయటి తీగకు చేరేలోపే ఏదో లోపం దగ్గర చిక్కుకుని, హోల్‌తో (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీతో) కలిసిపోయి వేడిగా మారుతుంది. ఈ నష్టం ఎంత తగ్గితే వోల్టేజీ అంత పెరుగుతుంది. అలా వేడిగా పోనిది కాంతిగా తిరిగి వెలువడుతుంది కాబట్టి ఆ కాంతే దీనికి కొలమానం. సర్క్యూట్ తెరిచి ఉంచినప్పుడు సెల్ తిరిగి వెలువరించే కాంతి పదింతలైతే దాదాపు 60 మిల్లీ వోల్టులు కలిసొస్తాయి. మంచి సోలార్ సెల్ మంచి ఎల్‌ఈడీ కూడా అయి ఉండాలని 2012లో వాదించిన వారిలో ఆ యబ్లోనోవిచే ఉన్నాడు. ఆల్టా డివైసెస్ స్థాపకుల్లోనూ ఆయన ఒకడు. ఆ రికార్డు సెల్‌లో నానో తీగలు లేవు, మేలిమి స్ఫటికపు పొర, దాని వెనక మంచి అద్దం ఉన్నాయి.

శోషక పొరనే తీగలుగా, శంకువులుగా చెక్కితే దాని ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. లోపాలు గుమిగూడేది ఉపరితలం మీదే. అంటే వోల్టేజీని తినే చోటును మనమే పెంచుతున్నాం. వెండి రేణువుల సంగతీ అంతే. అవి కాంతిని వెదజల్లడమే కాదు, కొంత తామే మింగి వేడెక్కుతాయి. ఆ కాంతి ఎలక్ట్రాన్ అవ్వదు.

పెరోవ్‌స్కైట్ అనే మరో సోలార్ సెల్ పదార్థం చరిత్ర ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. 2009లో మియాసాకా బృందం 3.8 శాతంతో మొదలుపెట్టింది, నానో రేణువుల టైటానియం డయాక్సైడ్ మీద. ఆ రంధ్రాల చట్రం లేకుండా పని జరగదని చాలామంది నమ్మారు. 2013లో ఆక్స్‌ఫర్డ్‌లో స్నెయిత్ బృందం చట్రం తీసేసి, చదునైన పొరతోనే 15 శాతం దాటింది. ఇప్పుడు ఈ సెల్స్ 26 శాతం దాటాయి. ఆ ఎదుగుదలలో పెద్ద వాటా స్ఫటిక నాణ్యతదీ, అంచుల వద్ద లోపాలను మూసిన పలుచని అణు పొరలదీ.

అవతలి పక్షానికి బలమైన సాక్ష్యం ఉంది. 2013లో లుండ్ విశ్వవిద్యాలయ బృందం ఇండియం ఫాస్ఫైడ్ నానో తీగలతో 13.8 శాతం సాధించింది. తీగలు కప్పింది ఉపరితలంలో 12 శాతమే, అయినా వోల్టేజీ పడిపోలేదు. గొప్ప ప్రయోగం. అయితే ఇండియం ఫాస్ఫైడ్ ఉపరితలం స్వభావరీత్యానే ఎలక్ట్రాన్లను తక్కువగా మింగుతుంది, ఆ భాగ్యం గాలియం ఆర్సెనైడ్‌కు లేదు. 2015లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం వారి నల్ల సిలికాన్ 22.1 శాతం చేరింది కదా అంటారు. సూదుల్లాంటి ఆ నానో ఉపరితలం అంతటా అల్యూమినియం ఆక్సైడ్ పలుచగా కప్పి లోపాలను అణచాకే ఆ అంకె వచ్చింది. నానో పనితనం ఉండాల్సింది అక్కడే, అంచులను శాంతపరిచే పొరల్లో, వెనక అద్దంలో, ముందు గాజులో. కాడ్మియం టెల్యురైడ్‌లోని టెల్యూరియం అరుదైనది కాబట్టి పొరను అర మైక్రాన్‌కు తగ్గిస్తామంటే కాంతిని తిప్పి పంపే ఏర్పాటు తప్పక కావాలి. దాన్ని జంక్షన్‌కు, అంటే కరెంటు పుట్టే పొరల కలయికకు, బయట పెట్టాలన్నదే నా పట్టు.

మన దగ్గర ఇది ఇంకా ముఖ్యం. వోల్టేజీ ఎక్కువగా నిలుపుకున్న సెల్ వేడికి తక్కువ నష్టపోతుంది. కర్నూలు, అనంతపురం ఎండల్లో మాడే ఫలకాలకు ఇది ప్రతి మధ్యాహ్నం లెక్కకొచ్చే తేడా. చెన్నై దగ్గర 2024లో ప్రారంభోత్సవం జరిగిన ఫస్ట్ సోలార్ ఫ్యాక్టరీ చేసేవి కాడ్మియం టెల్యురైడ్ ఫలకాలే. సెలీనియం కలపడం, రాగి బదులు ఆర్సెనిక్‌తో డోపింగ్ లాంటి పనులు ఆ పదార్థాన్ని ముందుకు తీసుకెళ్తున్నాయి. మన ప్రయోగశాలలు ఆ పనిలోకి దిగాలి. పరీక్షకులు కూడా కొలిచిన ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ లేని థీసిస్‌లో సామర్థ్యం పెరిగిందనే వాక్యాన్ని కొట్టేయాలి.