పొగ తగిలిన పసిగొంతు

పిల్లవాడికి నిప్పంటుకున్నా, మరిగే నీళ్లు ఒలికినా మన ఇళ్లలో పెద్దలు ముందుగా చూసేది చర్మమే. ఎంత మేర కాలింది, మచ్చ నిలుస్తుందా, ఆడపిల్ల కదా ముఖం ఏమవుతుందో అని కంగారు. అది సహజమే. కాని మంటల్లో చిక్కిన పిల్లల ప్రాణం మీదికి తెచ్చేది పలుమార్లు చర్మం కాదు, ఊపిరి. ఆ సంగతి ఈ నెల నాలుగు మాటలు చెప్పదలచినాము. మేము వైద్యులము కాము, ఆఫీసులో లెక్కలు రాసుకునేవారము. అయితే ఇందులో కొంత లెక్క కూడా ఉన్నది.

నెలల బిడ్డ ఊపిరిగొట్టం ఇంచుమించు 4 మిల్లీమీటర్ల వెడల్పు. దాని లోపలి పొర చుట్టూరా ఒక్క మిల్లీమీటరు వాచిందనుకోండి. మిగిలేది 2 మిల్లీమీటర్ల సందు. గాలి పోయే దారి నాలుగోవంతుకు దిగిపోతుంది. ఊపిరి తీయడం 16 రెట్లు కష్టమవుతుంది. అదే వాపు 8 మిల్లీమీటర్ల గొట్టానికి వస్తే సగానికి పైగా దారి మిగులుతుంది. పెద్దవాళ్లు దగ్గి ఊరుకునే పొగ పసివాడికి గండమయ్యేది ఇందుకే.

గొంతుకు దెబ్బ మూడు విధాలుగా తగులుతుంది. వేడిగాలి స్వరపేటిక పైభాగాన్ని కాలుస్తుంది; ఆవిరి అయితే ఇంకా లోపలికి పోతుంది. పొగలోని ఘాటు పదార్థాలు ఊపిరితిత్తుల దాకా దిగి లోపలి పొరను తినివేస్తాయి. మూడవది కార్బన్ మోనాక్సైడ్. రంగూ వాసనా లేని ఈ వాయువు ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. వేలికి తగిలించే చిన్న యంత్రం దీనిని కనిపెట్టలేదు, అంకె బాగానే చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి ఊరుకోరాదు.

నిప్పు లేకుండానే గొంతు మండటం ఎట్లా ఉంటుందో ఎన్నూరు వారికి వేరే చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరు 26 రాత్రి సముద్రంలోని గొట్టం నుండి అమోనియా వెలువడినప్పుడు పెరియకుప్పం, చిన్నకుప్పం వాసులు పిల్లలనెత్తుకొని వీధిన పడ్డారు. అమోనియా గొంతులోని తడిలో కరిగి క్షారమై లోపల కాలుస్తుంది. పైన చర్మం మీద గుర్తు ఉండకపోవచ్చును.

1942 నవంబరు 28న అమెరికాలోని బోస్టన్ నగరంలో కోకోనట్ గ్రోవ్ అనే విలాసశాల తగులబడి 492 మంది పోయారు. ఒంటి మీద పెద్ద గాయం లేనివారు కూడా ఊపిరాడక పోవడం చూసి వైద్యులు ఈ విషయాన్ని శ్రద్ధగా పరిశీలించసాగారు. మన రాష్ట్రంలో 2004 జూలై 16న కుంభకోణం పాఠశాలలో 94 మంది చిన్నారులు బలి అయ్యారు. మధ్యాహ్న భోజనం వండే చోట పుట్టిన నిప్పు ఆకుల కప్పునంటి, అక్కడి నుండి తరగతుల పైకప్పుకు పాకింది. ఆ దుర్ఘటన తరువాత వేసిన వ్యాజ్యంలోనే 2009లో సుప్రీంకోర్టు, చదువుకునే హక్కులో భద్రమైన బడి కూడా ఇమిడి ఉన్నదని తీర్పు చెప్పింది.

ఇక తల్లులు గుర్తుంచుకోవలసినవి. మూసిన గదిలో పొగ పీల్చిన బిడ్డకు గొంతు బొంగురుపోయినా, ఊపిరి తీసేటప్పుడు కూత వచ్చినా, చొంగ మింగలేకపోయినా, ముక్కులో మసి కనిపించినా, ముక్కు వెంట్రుకలు కమిలినా క్షణం ఆగరాదు. మరిగే టీ మింగిన పసివాడికీ ఇదే వర్తిస్తుంది. వాపు మొదటి రోజంతా పెరుగుతూ పోతుంది. ఇప్పుడు మాట్లాడుతున్నాడు గదా అని ఇంట్లో ఉంచితే, అర్ధరాత్రి గొట్టం వేయడానికి దారి దొరకదు. వైద్యులు ముందుగానే గొట్టం వేద్దామంటే, బాగున్న బిడ్డకెందుకని అడ్డుపడకండి.

కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీరు పోయండి. మిగిలిన ఒంటిని వెచ్చగా కప్పండి. ఐసు, సిరా, టూత్‌పేస్టు వద్దు. బిడ్డను కూర్చోబెట్టి తీసుకుపోండి, నోట ఏమీ పెట్టకండి. 108కి ఫోను చేయండి. కంటెయినరు లారీల వరుస దాటి నగరంలోకి పోవడానికి ఎంత సేపో మనకు తెలియనిది కాదు. కనుక బయలుదేరడంలో ఆలస్యం అసలే పనికిరాదు. కీల్పాక్ ప్రభుత్వ ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేక విభాగమున్నది. ఎగ్మూరులో పిల్లల ఆసుపత్రి ఉన్నది. నయమై ఇంటికి వచ్చిన తరువాత కూడా కొందరికి ఊపిరిగొట్టం క్రమంగా ఇరుకవుతుంది. నెలల తరువాత బిడ్డ ఆడుతూ ఆయాసపడితే మళ్లీ చూపించండి.

చివరగా సంఘ పెద్దలకొక మనవి. ఉగాదికీ, సంక్రాంతికీ మనము ఆకుల పందిరి వేసి, దాని పక్కనే పొయ్యిలు పెట్టి, పిల్లలను పందిరి కింద నాటకానికి కూర్చోబెడుతున్నాము. ఇకమీదట వంట వేరే ఆవరణలో పెట్టి, పందిరికి రెండు దారులు విడిచి, ఇసుక బకెట్లు ఉంచవలెను. పులిహోర నాలుగడుగులు మోసుకువచ్చినంత మాత్రాన దాని రుచి చెడదు.