విశ్వాసము – సంఘాధికారము

మతాధికారుల దోషములను జూచి దైవమునే విడనాడువారు కొందఱు. అధికారులు చెప్పినదెల్ల తలదాల్చి, తాము విచారింపవలసినదేమియు లేదనుకొనువారు మఱికొందఱు. ఈ రెండు మార్గములును సరికావని మేము తలంచుచున్నాము.

సాధు సుందరసింగుగారి చరిత్రము ఇందులకు దృష్టాంతము. సిక్కు కుటుంబమున జనించి, 1905లో సిమ్లాయందు బాప్తిస్మము పొందిన యీ యువకుడు సాధువేషముతో పాదచారియై సువార్తను ప్రకటించెను. 1909లో లాహోరునందలి వేదాంత కళాశాలలో జేరెను. కాని గురుపట్టము స్వీకరించినచో ఇతర శాఖల దేవాలయములలో స్వేచ్ఛగా బోధింప వీలుకాదని తెలిసినపుడు, తనకొసగబడిన బోధకాధికార పత్రమును బిషప్పుగారికి మరల నిచ్చివేసెను. అయినను ఆయన సంఘమును విడువలేదు. తన పేర వేఱొక శాఖను స్థాపింపలేదు.

సంఘము మనకు గ్రంథమును, ప్రార్థనను, తోటివారి సాయమును ఒసగినది. ఆ ఋణమును కాదనరాదు. కాని మనకు బదులుగా పెద్దలు భుజింపజాలనట్లే, మనకు బదులుగా విశ్వసింపను జాలరు. కావున విద్యార్థులారా! పెద్దలను గౌరవింపుడు, వారి బోధను పరీక్షింపుడు, వారు తప్పు చేసిన దినమునను మీ ప్రార్థనను మానకుడు.